పరధ్యానంలోంచి తిరిగొచ్చే దారి

సింగపూర్‌లో రాత్రి పదైతే మన ఊళ్లో ఏడున్నర. అమ్మ వంట ముగించుకుని ఫోన్ దగ్గర కూర్చునే వేళ. ఈ ఏడు మామిడికాయ ధర ఎలా మండిపోతోందో, ఎదురింటివాళ్ల గృహప్రవేశానికి ఎవరెవరు వచ్చారో చెప్పుకుంటూ పోతుంది. మనం ‘ఊఁ… ఊఁ’ అంటూనే ఉంటాం. ఎదురుగా లాప్‌టాప్ తెరిచి ఉంటుంది. న్యూయార్క్‌లో ఆఫీసు మొదలయ్యే వేళ కావడంతో మెయిళ్లు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. కాసేపటికి అమ్మ మాట ఆపి, “ఏం నాన్నా, పరధ్యానంగా ఉన్నావు?” అంటుంది. మూడు వేల కిలోమీటర్ల అవతల నుంచి ఒక్క ‘ఊఁ’ని బట్టి పట్టేసింది.

ధ్యానం నేర్చుకోవాలనుకునే ఉద్యోగికి ఆ ప్రశ్నలోనే మొదటి పాఠం ఉంది. “ధ్యానం నా వల్ల కాదండీ, మనసు నిలవదు” అనేవాళ్లను రోజూ చూస్తుంటాం. కానీ పరధ్యానం అంటే ఏమిటో ఎవరూ మనకు నేర్పక్కర్లేదు. ఆ మాటలోనే ధ్యానం ఉంది. మనసు ఉన్నచోట ఉంటే ధ్యానం, మరోచోట తిరుగుతుంటే పరధ్యానం. “అయ్యో, ఎక్కడికో వెళ్లిపోయానే” అని గమనించి వెనక్కి వచ్చే క్షణం ఒకటుంది చూశారూ, నేర్చుకోవాల్సింది ఆ ఒక్కటే. మిగతాదంతా దాన్ని పదేపదే చేయడం.

మనసు తిరగడం మీ ఒక్కరి బలహీనతేం కాదు. 2010లో హార్వర్డ్ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ ఒక ఫోన్ యాప్ ద్వారా 2,250 మందిని రోజులో ఎప్పుడుపడితే అప్పుడు పలకరించి, “ఇప్పుడు మీ మనసు చేస్తున్న పని మీదే ఉందా?” అని అడిగారు. దాదాపు 47 శాతం సందర్భాల్లో లేదు. మనసు పనిలో లేనప్పుడు జనం అంత సంతోషంగా కూడా లేరని వాళ్లు గమనించారు. అంటే మెలకువగా ఉన్న కాలంలో దాదాపు సగం మనం ఇంట్లో ఉండి ఆఫీసులో, ఆఫీసులో ఉండి ఊళ్లో ఉంటున్నాం. వలస వచ్చినవాళ్లకు ఈ తిరుగుడుకు దారులు ఇంకా ఎక్కువ. ఎంప్లాయ్‌మెంట్ పాస్ రెన్యువల్, పీఆర్ దరఖాస్తు, పిల్లాడి పీఎస్ఎల్ఈ పరీక్ష, ఊళ్లో నాన్నగారి బీపీ, అన్నీ ఒకే బుర్రలో.

లీ క్వాన్ యూ చెప్పిన సంగతి

ఈ దేశాన్ని కట్టిన మనిషి కూడా ఇదే బాధ చెప్పుకున్నారు. 2010 సెప్టెంబరులో లీ క్వాన్ యూ ‘న్యూయార్క్ టైమ్స్’కు ఇంటర్వ్యూ ఇచ్చారు. కొద్ది రోజుల్లో ఆయనకు 87 నిండబోతున్నాయి. భార్య వరుస పక్షవాతాలతో మాట పోయి రెండేళ్లుగా మంచం మీద ఉన్నారు. ఆ రోజుల్లో తాను ధ్యానం చేస్తున్నానని ఆయన చెప్పారు. సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ జీఐసీలో అప్పట్లో పెట్టుబడుల అధిపతిగా ఉన్న ఇంగ్ కాక్ సాంగ్‌ను చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. భార్యను క్యాన్సర్‌కు పోగొట్టుకున్న ఆ మనిషి అంత ప్రశాంతంగా ఎలా ఉన్నారని అడిగితే, రోజూ ధ్యానం చేస్తానని, తన భార్య కూడా చేసేదని ఆయన చెప్పారట. ఈ ఇంగ్ కాక్ సాంగ్ గారే 2023లో సింగపూర్ అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేశారు.

లీ నేర్చుకున్నది ‘మరనతా’ అనే నాలుగక్షరాల క్రైస్తవ మంత్రాన్ని మనసులో జపించడం. ఆయన క్యాథలిక్ కాదు. అయినా ప్రయత్నించి చూద్దామనుకున్నారు. అన్నిటికన్నా కష్టం ఏమిటంటే, కోతిలాంటి మనసు ఆ నాలుగక్షరాల మీద నిలవకపోవడమేనని ఆయన ఒప్పుకున్నారు. బాగా చేసేవాళ్లు అరగంట చేస్తారు, తాను ఇరవై నిమిషాలు చేస్తానన్నారు. అలసిపోయిన రోజు, విందుకు వెళ్లి వైన్ తాగి వచ్చిన రోజు కుదరదనీ చెప్పారు. మిగతా రోజుల్లో మాత్రం వదిలేవారు కాదు. చేశాక రోజంతటి ఒత్తిడి పక్కకు తప్పుకుని నిద్ర సులువుగా పడుతుందన్నారు.

అంత క్రమశిక్షణ గల మనిషికే మనసు నిలవలేదు, కొన్ని రోజులు తప్పాయి. తప్పినా మళ్లీ కూర్చున్నారు. మొదలుపెట్టబోతున్న మనకు ఇంతకన్నా ధైర్యం ఏం కావాలి?

మొదటి వారం: రెండు నిమిషాలు

మనలో చాలామందిని దెబ్బతీసేది ఆరంభశూరత్వం. నేనూ మొదటిసారి మొదటి రోజే ఇరవై నిమిషాలు పెట్టుకున్నాను. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వారం రాగానే, అంటే నాలుగో రోజుకే, మానేశాను. మళ్లీ రెండు నిమిషాలతో మొదలుపెట్టాకే అది నిలిచింది.

ఎంత చిన్నగా మొదలుపెట్టవచ్చో సింగపూర్ బిడ్డే ఒకాయన చూపించారు. ఇక్కడ పుట్టి, నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివి, గూగుల్ తొలినాళ్లలోనే అక్కడ ఇంజినీరుగా చేరిన చేడ్-మెంగ్ టాన్, 2007లో తన తోటి ఉద్యోగుల కోసం ‘సెర్చ్ ఇన్‌సైడ్ యువర్‌సెల్ఫ్’ అనే ధ్యాన శిక్షణ మొదలుపెట్టారు. 2012లో అదే పేరుతో పుస్తకం రాశారు. మొదలుపెట్టేవాళ్లకు ఆయన ఇచ్చే సలహా, రోజుకు ఒక్క శ్వాస ఎరుకతో తీసుకోమని. పనిమీద పని పడేవాళ్ల సంగతి తెలిసిన మనిషి చెప్పిన మాట అది. ఎంత చెడ్డ రోజైనా ఒక్క శ్వాసకు వ్యవధి ఉంటుంది.

ఇక చేసే పద్ధతి ఇది.

వేళ: పొద్దున పళ్లు తోముకున్నాక, ఫోన్ చేతిలోకి తీసుకోకముందు. ఇది ముఖ్యం. ఒకసారి వాట్సాప్ తెరిస్తే ఆ పొద్దు మీ చేతిలో ఉండదు. కొత్త అలవాటు నిలబడాలంటే ఎప్పుడూ తప్పని పాత అలవాటు వెనకే దాన్ని పెట్టాలి.

చోటు: హెచ్‌డీబీ ఫ్లాట్‌లో పూజగది ప్రత్యేకంగా ఉండకపోవచ్చు. డైనింగ్ కుర్చీ చాలు. పద్మాసనం అక్కర్లేదు. పాదాలు నేలకు ఆనాలి, నడుము నిటారుగా ఉండాలి, భుజాలు వదులుగా ఉండాలి. చేతులు ఒళ్లో పెట్టుకోండి. కళ్లు మూసుకోవడం ఇబ్బందైతే సగం మూసి నేల వైపు చూడండి.

పని: ఫోన్‌లో రెండు నిమిషాల టైమర్ పెట్టి బోర్లా ఉంచండి. ఊపిరి ఎక్కడ బాగా తెలుస్తుందో చూడండి. కొందరికి ముక్కు చివర, కొందరికి పొట్ట దగ్గర. ఊపిరిని మార్చొద్దు, పొడిగించొద్దు, వస్తున్నట్టు రానివ్వండి. విడిచిన ప్రతిసారీ మనసులో ఒకటి, రెండు, మూడు అని పది వరకు లెక్కపెట్టండి. పదయ్యాక మళ్లీ ఒకటి. నాలుగు దగ్గరికి వచ్చేసరికి మనసు స్టాండప్ మీటింగ్‌లో తేలుతుంది. అది తెలిసిన క్షణాన ‘పరధ్యానం’ అని మనసులోనే మెల్లగా అనుకుని ఒకటి దగ్గరికి వచ్చేయండి. తిట్టుకోవద్దు. రెండు నిమిషాల్లో పదిసార్లు వెళ్లి పదిసార్లు తిరిగొస్తే, పదిసార్లు సాధన చేసినట్టు.

ఊపిరి బదులు ఇష్టదైవ నామం తీసుకోవచ్చు. రామనామమైనా, అల్లా పేరైనా, ప్రభువు పేరైనా సరే. దైవం ఊసు వద్దనుకునేవాళ్లకు అంకెలున్నాయి. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీర్ఘకాలపు నొప్పితో బాధపడేవారి కోసం శిక్షణ మొదలుపెట్టినప్పుడు, బౌద్ధ సాధనలోంచి మతాన్ని పక్కనుంచి అభ్యాసాన్నే తీసుకున్నారు. ఇవాళ ఆఫీసుల్లో మైండ్‌ఫుల్‌నెస్ పేరిట వినిపించేది చాలావరకు ఆ దారిలో వచ్చిందే. మన మాటలో చెప్పాలంటే అది ‘ఎరుక’.

రెండో వారం: రోజులో ఉన్న సందుల్లో

పొద్దుటి రెండు నిమిషాలను అలాగే ఉంచి, రోజులో ఇప్పటికే ఉన్న ఖాళీలను వాడుకోండి. సింగపూర్ రోజులో నిలబడి ఎదురుచూసే క్షణాలు బోలెడు.

ఎంఆర్‌టీ: చాంగీ బిజినెస్ పార్కుకు వెళ్లేవాళ్లు తానా మెరాలో ఎక్స్‌పో వైపు రైలు కోసం నిలబడతారు. ఆ కాసేపు ఫోన్ జేబులో పెట్టి, రెండు పాదాల బరువు నేల మీద ఎలా పడుతోందో గమనించండి. రైల్లో రెండు స్టేషన్ల మధ్య కళ్లు తెరిచే ఊపిరి లెక్కపెట్టవచ్చు. తలుపు మూసుకునే చప్పుడు వినబడితే అది గుర్తు: ‘నేను ఎక్కడున్నాను?’

కోపి: హాకర్ సెంటర్‌లో కోపి-ఓ తీసుకున్నాక మొదటి మూడు గుక్కలు ఫోన్ చూడకుండా తాగండి. వేడి, చేదు, వాసన. నాలుగో గుక్క నుంచి మీ ఇష్టం.

మీటింగ్: టీమ్స్ కాల్‌లో మైక్ తెరిచే ముందు ఒక్క పూర్తి శ్వాస. కోపంగా రాసిన మెయిల్ పంపేముందు చేతులు కీబోర్డు మీంచి తీసి మూడు శ్వాసలు. ఇక్కడ మాత్రం ఊపిరిని కాస్త మార్చండి. నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు విడవండి. పీల్చడం కన్నా విడవడం నెమ్మదిగా సాగితే గుండె వేగం తగ్గుతుంది. మెదడు నుంచి గుండెకు, పొట్టకు దిగే వేగస్ నాడి చేసే పని అది. మూడు శ్వాసల తర్వాత కూడా ఆ మెయిల్ పంపాలనిపిస్తే పంపండి. చాలాసార్లు ఒకట్రెండు వాక్యాలైనా తీసేస్తారు.

మన తెలుగువాళ్లంతా గాజు భవనాల్లోనే లేరు. శ్రీకాకుళం నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ఉత్తర తెలంగాణ నుంచి వచ్చి కట్టడాల దగ్గర, షిప్‌యార్డుల్లో పనిచేస్తూ డార్మిటరీల్లో పదిమందితో ఒకే గది పంచుకునేవాళ్లు ఉన్నారు. అక్కడ ఏకాంతం దొరకదు. అక్కర్లేదు కూడా. దుప్పటి మడతపెట్టాక బంకు మీదే కూర్చుని ఇరవై శ్వాసలు లెక్కపెట్టుకోవచ్చు. పక్కవాళ్ల మాటలు, ఫ్యాన్ చప్పుడు అడ్డమనుకోకుండా వాటినే వినండి. చప్పుడు వినడమూ సాధనే. పనికి వెళ్లే లారీలోనూ చేయవచ్చు. ఒక్క జాగ్రత్త: ఎత్తు మీద, యంత్రం దగ్గర, బండి నడుపుతూ కళ్లు మూయడం, లోపలికి చూసుకోవడం వద్దు. అక్కడ ధ్యానమంటే చేతిలో ఉన్న పని మీదే మనసంతా పెట్టడం.

మూడో వారం: ఐదు నిమిషాలు, ఒళ్లంతా

రెండు నిమిషాలు రెండు వారాలు సాగాక ఐదుకు పెంచండి. రాత్రి పడుకునేముందు ఇంకో సాధన చేర్చండి. వెల్లకిలా పడుకుని అరికాళ్ల నుంచి తల దాకా ఒళ్లంతా ఒక్కొక్క చోటే పలకరిస్తూ రండి. బొటనవేలు, మడమ, పిక్క, మోకాలు… దవడ దగ్గరికి వచ్చేసరికి అది ఎంత బిగుసుకుని ఉందో చాలామందికి అప్పుడే తెలుస్తుంది. పగలంతా మీటింగుల్లో అనుకుని మింగేసిన మాటలు అక్కడే ఉంటాయి. మధ్యలోనే నిద్రపోతే దిగులు లేదు.

ఆదివారం కాస్త పెద్దగా చేయవచ్చు. బొటానిక్ గార్డెన్స్ పొద్దున ఐదుకే తెరుస్తారు. 1859లో మొదలై 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైన ఈ తోటకు ప్రవేశ రుసుము లేదు. ఎండ రాకముందే వెళ్లి పది నిమిషాలు మెల్లగా నడవండి. మడమ ఆనింది, పాదం ఆనింది, వేళ్లు లేచాయి. అంతే గమనించాలి. కూర్చుంటే నిద్ర వచ్చేవాళ్లకు నడిచే ధ్యానం బాగా పనికొస్తుంది.

గుడికి వెళ్లేవాళ్లకు మన ఆచారమే దారి. దర్శనం అయ్యాక కాసేపు కూర్చుని లేవాలని పెద్దవాళ్లు ఎందుకు చెప్పారో ఇప్పుడు మరచిపోయి, ప్రసాదం తీసుకుని ఫొటో దిగి వచ్చేస్తున్నాం. సెరంగూన్ రోడ్డు మీద 1855లో వెలసిన శ్రీనివాస పెరుమాళ్ గుడికి శనివారం వెళితే, రాతి నేల మీద ఐదు నిమిషాలు కూర్చోండి. గంట మోగి, ఆ మోత సన్నబడి పూర్తిగా ఆగిపోయేదాకా వినండి. ఆ చివరి సన్నని చప్పుడు వెంట మనసు దానంతటదే వెళుతుంది.

ఎదురయ్యే ఇబ్బందులు

“కూర్చోగానే ఆలోచనలు ఇంకా పెరిగాయి” అంటారు కొందరు. పెరగలేదు. ఎప్పుడూ అన్నే ఉన్నాయి, ఇప్పుడు కనిపిస్తున్నాయి. చీకటి గదిలో దీపం పెడితే దుమ్ము కనబడినట్టే.

నిద్ర వస్తోందా? రాత్రి పదకొండు దాకా అమెరికా కాల్స్, పొద్దున ఆరుకు పిల్లల స్కూలు బస్సు. ఆ ఒంటికి కావాల్సింది నిద్రే. ముందు నిద్ర సరిచేసుకోండి. మిగిలిన రోజుల్లో కళ్లు తెరిచి, లేదా నిలబడి చేయండి.

ఒక రోజు తప్పిందా? లండన్‌లోని యూసీఎల్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో 96 మంది కొత్త అలవాట్లను గమనించారు. అలవాటు దానంతటదే సాగేదాకా రావడానికి కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజుల లెక్క తేలింది, మధ్య లెక్క 66. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. రెండో రోజు తిరిగి కూర్చోవడమే ముఖ్యం. లోపల మనసును ఎలా వెనక్కి తెచ్చుకుంటున్నామో, క్యాలెండర్‌లోనూ అలాగే.

ఎంత ఆశించాలి, ఎక్కడ ఆపాలి

ధ్యానం అరచేతిలో వైకుంఠం చూపించదు. 2014లో అమెరికా వైద్య పత్రిక ‘జామా ఇంటర్నల్ మెడిసిన్’లో 47 ప్రయోగాలను, 3,515 మంది అనుభవాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. ఆందోళన, దిగులు, నొప్పి తగ్గడంలో ధ్యానం ఓ మోస్తరుగా పనిచేస్తుందని అది తేల్చింది. మందులు, వ్యాయామం వంటి ఇతర చికిత్సల కన్నా మేలైనదని రుజువు దొరకలేదు. ఓ మోస్తరు లాభం, ఖర్చు లేకుండా. అలా చూస్తే అది తక్కువేం కాదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మోయలేనంత పని నెత్తిన పెట్టినప్పుడు దాన్ని ఓర్చుకోవడానికి ధ్యానాన్ని వాడుకోకండి. అడగాల్సింది అడగండి. 2024 డిసెంబరు 1 నుంచి ఇక్కడ అమల్లో ఉన్న త్రైపాక్షిక మార్గదర్శకాల ప్రకారం ప్రొబేషన్ పూర్తయిన ఉద్యోగి పని వేళల్లోనో, పనిచేసే చోటులోనో వెసులుబాటు కావాలని రాసి అడగవచ్చు. యజమాని రెండు నెలల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. పాస్ ఏమవుతుందోనన్న భయంతో చాలామంది నోరు విప్పరు. ఆ భయం నిజంగా ఎంతుందో, మనసు ఎంత పెంచిందో నిదానంగా చూసుకోవడానికి పొద్దుటి ఐదు నిమిషాలు పనికొస్తాయి.

కళ్లు మూయగానే గుండె దడదడలాడినా, పాత గాయాలు ముంచెత్తినా ఆపేయండి. కళ్లు తెరిచి గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పుకోండి, పాదాలను నేలకు గట్టిగా ఆనించండి. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటి వదలకపోతే పాలిక్లినిక్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. బతకాలనిపించని ఆలోచన వస్తే ఆ క్షణమే 1767కు ఫోన్ చేయండి. అది సమారిటన్స్ ఆఫ్ సింగపూర్ వారి లైను, రాత్రీ పగలూ ఎత్తుతారు. మానసిక ఆరోగ్యం కోసం జాతీయ లైను 1771 కూడా ఉంది. ఫోన్ చేయడం పరువు తక్కువ పనేమీ కాదు. జ్వరానికి మందు వేసుకోవడానికి మనం ఎవరి అనుమతీ అడగం కదా.

గురువు దగ్గర నేర్చుకోవాలనుకునేవారికి సింగపూర్‌లో బ్రహ్మ్ సెంటర్ వంటి సేవాసంస్థల్లో మొదలుపెట్టేవారి కోసం మైండ్‌ఫుల్‌నెస్ తరగతులు ఉన్నాయి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మ ఖేత్తలో విపశ్యన గురువు గోయెంకా గారి సంప్రదాయపు పది రోజుల శిబిరానికి వెళ్లవచ్చు. నిర్ణీత రుసుము ఉండదు, పూర్తిచేసినవాళ్లు ఇష్టమైతే విరాళం ఇస్తారు. కానీ తెల్లవారుజామున నాలుగుకు లేవాలి, మౌనంగా ఉండాలి, రోజుకు పది గంటల పైచిలుకు కూర్చోవాలి. అది మొదటి మెట్టుగా కాకుండా, కొన్ని నెలలు ఇంట్లో కూర్చున్నాక చూడాల్సిన మెట్టు.

మూడు వారాలు అయ్యాక, ఫలితం వచ్చిందో లేదో టైమర్‌ను అడగకండి. కూర్చున్నప్పుడు ఎంత ప్రశాంతంగా ఉన్నామన్నది రోజుకోలా ఉంటుంది. రాత్రి పదింటి ఫోన్‌ను కొలతగా పెట్టుకోండి. చేయబోయే ముందు లాప్‌టాప్ మూసేయండి. ఒక శ్వాస తీసుకుని నంబరు నొక్కండి. అమ్మ మామిడికాయ ధర చెబుతుంటే మనసు మళ్లీ రిలీజ్ దగ్గరికి వెళుతుంది. వెళ్లిందని మీకే ముందు తెలుస్తుంది. ఆమె అడగకముందే వెనక్కి వచ్చి, “అయితే ఈసారి ఎన్ని కాయలు పచ్చడి పెట్టావమ్మా?” అని అడుగుతారు. అవతలి నుంచి ఆ జవాబు ఉత్సాహంగా మొదలైందంటే, సాధన కుదిరినట్టే.